చెన్నై ఉక్కకు నిలిచే ఆరు సీసాల క్యారియర్: రూపకల్పన ఎలా?

పానీయాల సీసాలను నాలుగో ఆరో కలిపి పట్టుకునే అట్ట క్యారియర్‌ను చెన్నైలో ఎవరు రూపొందించినా, మొట్టమొదట ఆలోచించవలసింది సీసా బరువు గురించి కాదు, సీసా మీద పట్టే నీటి గురించి. ఫ్రిజ్‌లో నాలుగైదు డిగ్రీల దాకా చల్లబడిన సీసాను బయట పెట్టిన కాసేపటికే దాని ఒళ్లంతా చెమర్చుతుంది. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్లో ఆ నీరు త్వరగా ఆరదు. సీసా వెంట కిందికి జారి, సరిగ్గా బరువంతా ఆనే చోటికి, అంటే క్యారియర్ అడుగు అట్టకు చేరుతుంది. సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న బెంగళూరులో ఎండాకాలపు మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇదే సీసాకు ఇంత నీరు పట్టదు. అక్కడ నెలల తరబడి ఏ ఫిర్యాదూ రాని డిజైన్‌ను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే అడుగు ఊడే ప్రమాదం ఉంటుంది. కనుక ఈ వ్యాసంలో ప్రతి నిర్ణయాన్నీ ఒకే ప్రశ్నతో తూచుకుంటూ వెళ్తాను: పొడిగా ఉన్నప్పుడు ఎంత మోస్తుందని కాదు, తడిసి అరగంట గడిచాక ఎంత మోస్తుందని.

ఉదాహరణకు ఒక చిన్న సంస్థను ఊహించుకుందాం. రాయలసీమ నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన కుటుంబం నన్నారి సోడాను, గూడూరు నిమ్మకాయలతో చేసిన నిమ్మ సోడాను 300 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో నింపి, క్రౌన్ మూత బిగించి, ఆరేసి కలిపి అమ్మాలనుకుంటోంది. ఖాళీ సీసా 220 గ్రాములు, పానీయం 312 గ్రాములు, మూత రెండు గ్రాములు అనుకుంటే ఒక్కో సీసా 534 గ్రాములు, ఆరు కలిపి సుమారు 3.2 కిలోలు. ఇది నిశ్చలంగా వేలాడుతున్నప్పటి బరువు మాత్రమే. ఏ బరువైనా ఒక్కసారిగా మీద పడితే నిర్మాణానికి తగిలే బలం దానికి రెట్టింపు ఉంటుందన్నది యంత్రశాస్త్రంలో పాఠమే. కౌంటర్ మీది క్యారియర్‌ను కొనుగోలుదారు చటుక్కున పైకి లాగినప్పుడు జరిగేది దాదాపు అదే. అంటే పిడి మీద ఆరున్నర కిలోల బలం పడుతుందని లెక్కలోకి తీసుకుని, దాని మీద మరో రెట్టింపు భద్రత కలుపుకుంటే, తడిసిన స్థితిలో పదమూడు కిలోల దాకా తట్టుకునే పిడి కావాలి. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. అయితే లోపల ఉన్నది గ్యాస్ నింపిన గాజు. చెప్పుల కాళ్ల పక్కన అది పగిలితే ఏమవుతుందో తలచుకున్నవారు ఈ లెక్కను తగ్గించరు.

కీలైన్ (అట్టను ఎక్కడ కోయాలో, ఎక్కడ మడవాలో చూపే గీతల నమూనా) గీయడానికి ముందు సీసాను కొలవాలి. సరఫరాదారు ఇచ్చిన డ్రాయింగులోని కొలత మీద ఆధారపడకూడదు. వేర్వేరు పెట్టెల నుంచి కనీసం ముప్పై సీసాలు తీసి, వెర్నియర్ కాలిపర్‌తో భుజం దగ్గర ఒకసారి, మడమ (అడుగుకు ఆనుకుని ఉన్న భాగం) దగ్గర ఒకసారి వ్యాసం కొలిచి, అన్నిటికన్నా పెద్ద కొలతను తీసుకోవాలి. సగటు తీసుకుంటే సగం సీసాలు బిగుసుకుపోతాయి. లేబుల్ అతికించాకే కొలవాలి. పెట్ ప్లాస్టిక్ సీసాలైతే గ్యాస్ నింపి ఒక రోజు ఆగి కొలవాలి, ఎందుకంటే లోపలి ఒత్తిడికి పెట్ సీసా కొద్దిగా ఉబ్బుతుంది. మన ఉదాహరణలో పెద్ద కొలత 61 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. రెండు వరసల్లో మూడేసి సీసాలు, అట్ట మందం అర మిల్లీమీటరు, ఒక్కో గదికి ఒక మిల్లీమీటరు వదులు. అప్పుడు లోపలి పొడవు మూడు సీసాలకు 183, రెండు అడ్డుపట్టీలకు 1, వదులుకు 3 కలిపి 187 మిల్లీమీటర్లు. వెడల్పు రెండు సీసాలకు 122, మధ్య గోడ రెండు పొరలకు 1, వదులుకు 2 కలిపి 125 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు వదులు చాలా తక్కువని అనిపించినా దాన్ని పెంచవద్దు. సీసా గదిలో ఊగే కొద్దీ గాజు పక్క గోడను గుద్దుతుంది, లేబుల్ రాసుకుపోతుంది, పైగా తడిసిన అట్ట ఆ గుద్దులకే ముందు చిరుగుతుంది. క్యారియర్ పట్టు అన్నది అట్ట మందం కన్నా ఈ అమరికలోనే ఎక్కువగా ఉంటుంది.

సీసాల మధ్య అడ్డుపట్టీలు అలంకారం కాదు. గాజు బలమంతా దాని ఉపరితలం మీద ఆధారపడుతుంది. రెండు సీసాలు ఒరుసుకున్నప్పుడు పడే కంటికి కనిపించని గీతల దగ్గరే తర్వాత పగులు మొదలవుతుంది. సాధారణంగా రెండు సీసాలు తాకేది భుజం కింద ఒక చోట, మడమ పైన ఒక చోట. అడ్డుపట్టీ ఈ రెండు తాకిడి చోట్లలో పైదాన్ని తప్పనిసరిగా కప్పాలి. అట్ట ఆదా అవుతుందని పట్టీని సన్నం చేసి, సీసా నడుము దగ్గర మాత్రమే ఉంచిన క్యారియర్లు బజారులో కనిపిస్తాయి. అవి సీసాలను విడదీసినట్టు కనిపిస్తాయే తప్ప ఒరుసుకోకుండా ఆపవు. పక్క గోడల ఎత్తు విషయంలో కూడా ఇదే సూత్రం: నిండు సీసా గరిమనాభి కన్నా గోడ పైఅంచు పైకి ఉండాలి, లేకుంటే క్యారియర్ ఒరిగినప్పుడు సీసా బయటికి పల్టీ కొడుతుంది. సీసా ఎత్తులో సగానికి తగ్గకుండా గోడ ఉంచితే చాలా ఆకారాలకు సరిపోతుంది.

ఇక అట్ట ఎంపిక. చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధిలో కాగితపు దుకాణాలకు వెళ్లి క్యారియర్‌కు అట్ట కావాలంటే ముందుగా చూపించేది బూడిద రంగు వెనుకవైపు ఉన్న డూప్లెక్స్ బోర్డు. ధర తక్కువ, ముద్రణ బాగా వస్తుంది, స్వీట్ల పెట్టెలకు అది సరైనదే. పాత కాగితాన్ని మళ్లీ గుజ్జు చేసి తీసిన అట్ట కాబట్టి దాని పోగులు పొట్టివి. పొట్టి పోగుల అట్ట త్వరగా చిరుగుతుంది, తడిస్తే మరీ త్వరగా. క్యారియర్‌కు కావలసింది పొడవు పోగుల వర్జిన్ క్రాఫ్ట్ గుజ్జుతో (పాత కాగితం కలపని కొత్త చెక్క గుజ్జుతో) చేసి, ఒకవైపు పూత వేసి, తయారీలోనే తడి బలం ఇచ్చే రెజిన్ కలిపిన అట్ట. ఈ చివరి మాట ముఖ్యం. కాగితపు పోగులను పట్టి ఉంచేది వాటి మధ్య ఏర్పడే హైడ్రోజన్ బంధాలు. నీరు చొరబడగానే అవి వదులుతాయి. అందుకే మామూలు కాగితం పూర్తిగా నానితే దాని బలంలో పదో వంతు కూడా మిగలదు. నానిన తర్వాత కూడా పొడి బలంలో 15 శాతానికి పైగా నిలుపుకునేదాన్నే పరిశ్రమలో వెట్ స్ట్రెంత్ కాగితం అంటారు. అది కూడా ఎంత తక్కువో గమనించండి: అట్ట నానకుండా చూడటం, నానినా పూర్తిగా నానే సమయం ఇవ్వకపోవడం, ఈ రెండూ డిజైనర్ పనే.

కాబట్టి అమ్మేవారిని జీఎస్ఎం (చదరపు మీటరు అట్ట బరువు, గ్రాముల్లో) ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. కాబ్ విలువ అడగాలి. ఒక చదరపు మీటరు అట్ట అరవై సెకన్లలో ఎన్ని గ్రాముల నీటిని పీల్చుకుంటుందో చెప్పే కొలత అది. రెండు అట్టల్లో ఏది తక్కువ పీలిస్తే అది మనకు మేలు. పూత వేసిన వైపు విలువ ఒక్కటే ఇస్తే వెనుకవైపుది కూడా అడగండి, సీసా తాకేది వెనుకవైపే కదా. తెలుగువారికి తెలిసిన మిల్లులే చెప్పాలంటే, భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ మిల్లు, ఇటు తిరుచ్చి జిల్లాలో మణప్పారై దగ్గర టీఎన్‌పీఎల్ మిల్లు పెట్టెల అట్టలు తయారు చేస్తున్నాయి. వాటి డీలర్ల దగ్గర ప్రతి రకానికీ సాంకేతిక వివరాల పత్రం అడిగి తీసుకోవచ్చు. మన బరువుకు 400 జీఎస్ఎం దరిదాపుల్లో, అర మిల్లీమీటరు మందం ఉన్న అట్టతో మొదలుపెట్టి పరీక్షల్లో తేలినదాన్ని బట్టి అటో ఇటో జరగడం మంచిది.

పైన ప్లాస్టిక్ లామినేషన్ చేయిస్తే నీటి సమస్య తీరిపోతుందని చాలామంది నమ్ముతారు. తీరదు. లామినేషన్ ముఖాన్ని కాపాడుతుంది, పంచింగ్‌లో (అట్టను ఆకారంగా కోసేటప్పుడు) తెగిన అంచును కాపాడదు. నీరు ఆ పచ్చి అంచు నుంచే ఒత్తిలోకి నూనె ఎక్కినట్టు లోపలికి పాకుతుంది. పిడి రంధ్రం అంచు, అడుగు మడతల దగ్గరి అంచు, సరిగ్గా బలం కావలసిన చోట్లే పచ్చి అంచులు. లామినేషన్ చేసిన అట్ట మళ్లీ గుజ్జుగా మారడం కూడా కష్టం. నీటి ఆధారిత వార్నిష్ వేసి, అడుగున తెగిన అంచులు నీరు నిలిచే చోటికి రాకుండా లేఅవుట్ మార్చడం దీనికన్నా మంచి దారి. అడుగు అట్టకు రెండు మూడు చిన్న రంధ్రాలు పెడితే నీరు నిలవకుండా కారిపోతుంది. రంధ్రం చుట్టూ కొత్త పచ్చి అంచు ఏర్పడుతుంది కనుక అవి సీసా మడమ ఆనే వలయంలో కాక, సీసాల మధ్య ఖాళీలో పడాలి.

అట్టకు గ్రెయిన్ ఉంటుంది. మిల్లు యంత్రంలో పోగులు ఎక్కువగా పరుగెత్తిన దిశ అది. ఆ దిశలో అట్ట బిరుసుదనం అడ్డ దిశలో కన్నా సుమారు రెట్టింపు ఉంటుంది. తేమకు అట్ట సాగేది మాత్రం అడ్డ దిశలో ఎక్కువ. క్యారియర్‌లో గ్రెయిన్‌ను పొడవు వెంట, అంటే పిడికి సమాంతరంగా పరుగెత్తించాలని నా అభిప్రాయం. పిడి రంధ్రం పైన మిగిలే పట్టీ రెండు కొసల దగ్గర కట్టి ఉన్న దూలంలాంటిది. అది వంగకుండా ఉండాలంటే పోగులు దాని పొడవునా ఉండాలి. రంధ్రం నుంచి పైకి పాకబోయే చిరుగు కూడా పోగులను అడ్డంగా తెంచుకుని వెళ్లవలసి వస్తుంది. పక్క గోడలు సీసాల ఒత్తిడికి ఉబ్బకుండా ఆపేది కూడా అదే దిశ. దీనికి చెల్లించే మూల్యం అడుగు దగ్గర ఉంటుంది: అడుగు అట్ట వెడల్పు వైపు వంగుతుంది, ఆ వైపు అట్ట బలహీనం. అందుకే అడుగును రెండు పొరలుగా, ఒకదాని మీద ఒకటి పూర్తిగా కప్పేలా రూపొందించాలి. షీటు మీద ఎక్కువ ముక్కలు సర్దడం కోసం ప్రెస్సువారు కీలైన్‌ను తొంభై డిగ్రీలు తిప్పే ప్రమాదం ఉంది కాబట్టి, గ్రెయిన్ దిశను బాణం గుర్తుతో కీలైన్ మీదే స్పష్టంగా రాయాలి.

పిడి గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడుకోవాలి. రంధ్రం పొడవు 85 నుంచి 95 మిల్లీమీటర్లు, ఎత్తు 28 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటే పెద్దవారి నాలుగు వేళ్లు ఇరుకు లేకుండా పడతాయి. రంధ్రం కొసలు పూర్తి అర్ధవృత్తాలు కావాలి. మూల పదునుగా ఉంటే బలమంతా అక్కడే పోగుపడి చిరుగు మొదలవుతుంది. రంధ్రంలోని అట్టను కోసి పారేయకుండా, పైఅంచుకు అతుక్కుని ఉన్న రెక్కగా వదిలి లోపలికి మడిస్తే వేళ్ల కింద మడత అంచు వస్తుంది, చేతికి కోసుకోదు, పిడికి ఒక పొర కలిసివస్తుంది. ఆ రెక్క కోత ముగిసే రెండు చోట్లా కోతను నేరుగా ఆపకుండా, చిన్న కొక్కెంలా వెనక్కి తిప్పాలి. అప్పుడు చిరుగు బయటికి పాకాలన్నా తనలోకే తిరుగుతుంది. రంధ్రం పైన మిగిలే పట్టీ 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, రెండు పొరలూ పూర్తిగా అతికి ఉండాలి.

ఇంత చేసినా మన ఊళ్లలో ఒక విషయం మిగులుతుంది. కొన్నవారు క్యారియర్‌ను చేత్తో పట్టుకుని ఎంతో దూరం నడవరు. స్కూటర్ ముందున్న కొక్కేనికి తగిలిస్తారు. అరచేయి బలాన్ని ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల మేర పంచుతుంది, సన్నని ఇనుప కొక్కెం మొత్తం బరువును ఒక్క సెంటీమీటరు మీదే వేస్తుంది. మీదట ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఒక కుదుపు. ఈ వాడకాన్ని తప్పుపట్టి లాభం లేదు, దానికే డిజైన్ చేయాలి: పట్టీ మధ్యలో మూడో పొరగా చిన్న అట్ట ముక్కను అతికిస్తే ఖర్చు పెద్దగా పెరగదు, కొక్కెం దిగబడే చోటు గట్టిపడుతుంది.

క్రీజింగ్ (మడత గీతలు నొక్కడం) కొలతలు డై (అట్టను కోసి, మడత గీతలు నొక్కే అచ్చు) చేసేవారికి వదిలేయవచ్చు, కానీ తెలుసుకుని అడగడం మేలు. కోత బ్లేడు ఎత్తు 23.8 మిల్లీమీటర్లు ఉంటే అర మిల్లీమీటరు అట్టకు క్రీజ్ బ్లేడు 23.3 ఉండాలి. క్రీజ్ బ్లేడు అట్టను లోపలికి నొక్కే కాలువ వెడల్పు అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి బ్లేడు మందం కలిపినంత, బ్లేడు 0.7 అయితే మొత్తం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. కాలువ మరీ ఇరుకైతే మడత మీద పూత పగులుతుంది, ఆ పగులు నీటికి ద్వారం అవుతుంది.

అతుకు విషయంలో ఒకే నియమం గుర్తుంచుకుంటే చాలు: అతుకును పక్కకు లాగే బలం రావాలి, పొర విప్పే బలం రాకూడదు. అంబత్తూరులో మేము పనిచేసే షెడ్డులో పేస్టింగ్ చూసే పెద్దాయన కొత్తగా వచ్చిన కుర్రవాళ్లకు ముందు ఈ పాఠమే చెబుతారు. రెండు వేళ్ల వెడల్పు అట్ట పట్టీలు రెండింటిని కొసలు కలిపి అతికించి, ఆరాక చేతికిచ్చి, "లాగి చూడు బాబూ" అంటారు. ఎంత లాగినా రాదు. ఆ తర్వాత "ఇప్పుడు కొస పట్టుకుని విప్పు" అంటారు. పట్టీ చరచరా ఊడి వస్తుంది. అడుగు అతుకును పక్క గోడ నుంచి కిందికి వేలాడే రెక్క మీద నిలువుగా ఉంచితే సీసాల బరువు దాన్ని లాగుతుంది. అదే అతుకును అడుగున అడ్డంగా, చిన్న పెదవిలా ఉంచితే బరువు దాన్ని విప్పుతుంది. జిగురు రకం కూడా ముఖ్యమే: మామూలు పీవీఏ (తెల్ల) జిగురు నీటికి మెత్తబడుతుంది, కాబట్టి నీటికి తట్టుకునే రకం లేదా హాట్ మెల్ట్ (వేడితో కరిగించి పూసే జిగురు) వాడాలి. జిగురు పడే చోట వార్నిష్, సిరా లేకుండా ఖాళీ వదలాలని ప్రెస్సుకు ఇచ్చే ఫైల్లోనే చూపించాలి.

క్యాన్‌లకు, పెట్ సీసాలకు బుట్ట ఆకారం అవసరం లేదు. మెడను పట్టుకునే అట్ట క్లిప్ సరిపోతుంది. క్యాన్‌కు మూత చుట్టూ ఉండే డబుల్ సీమ్ అంచు (మూతను డబ్బాతో కలిపి మడిచిన అంచు), పెట్ సీసాకు మూత కింద ఉండే వలయం, ఇవే పట్టు దొరికే చోట్లు. అట్టలో రంధ్రం చుట్టూ ఆరో ఎనిమిదో చిన్న నాలుకలు కోస్తే, క్యాన్ కింది నుంచి దూరినప్పుడు అవి పైకి వంగి, అంచు కిందికి చేరి బిగుసుకుంటాయి. బరువు కిందికి లాగే కొద్దీ మరింత బిగుస్తాయి. 330 మిల్లీలీటర్ల క్యాన్‌లు ఆరూ కలిపి సుమారు 2.1 కిలోలే కాబట్టి పని తేలిక. ఇదే సూత్రాన్ని మొదట ప్లాస్టిక్‌తో సాధించారు: 1960ల నుంచి అమెరికాలో వాడుకలోకి వచ్చిన ఆరు వలయాల ప్లాస్టిక్ క్యారియర్ సాగి, మళ్లీ కుంచించుకుని క్యాన్ మెడను పట్టుకునేది. పదార్థం అంత తక్కువ వాడి అంత పట్టు సాధించిన డిజైన్ మరొకటి లేదనే చెప్పాలి. కానీ పారేసిన వలయాలు పక్షుల, సముద్ర జీవుల మెడలకు చిక్కుకోవడంతో 1988లో అక్కడ అవి ప్రకృతిలో శిథిలమయ్యేవిగా ఉండాలని చట్టం చేశారు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి, దేశమంతటా 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు ఎన్నో నిషేధంలోకి వచ్చాయి. కొత్తగా మొదలుపెట్టేవారు అట్టతోనే మొదలుపెట్టడం ఉత్తమం.

డై ఆర్డర్ ఇవ్వడానికి ముందు, ప్లాటర్ (కంప్యూటర్ గీతల ప్రకారం అట్టను కోసే యంత్రం) మీద కోసిన నమూనాలతో పరీక్షలు పూర్తి చేయాలి. సీసాలను క్యారియర్‌తో సహా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి, ఇంట్లో జరిగేది అదే కాబట్టి. ఉదయం బయటికి తీసి, ఏసీ లేని గదిలో అరగంట వదిలి, చెమర్చిన తర్వాత కొక్కేనికి తగిలించి, కింద పరుపు వేసి, ఒక జానెడు పైకి ఎత్తి జార్చండి. ఇరవై జార్పులకు అడుగు మడత, పిడి కొసలు, అతుకు ఎలా ఉన్నాయో ఫోటో తీసి రాసుకోండి. మరో నమూనాను ఐస్ పెట్టె అడుగున పదిహేను నిమిషాలు నీటిలో నిలిపి అదే పరీక్ష చేయండి. తెగిన నమూనాలను పారేయవద్దు: చిరుగు ఎక్కడ మొదలై ఎటు పాకిందో చూస్తే, మార్చవలసింది అట్టనా, ఆకారాన్నా, జిగురునా అన్నది తేలిపోతుంది. పోగులు పైకి లేచి చిరిగితే అట్ట తన బలమంతా ఇచ్చేసిందని అర్థం. పోగు లేవకుండా నున్నగా ఊడితే లోపం జిగురుది. అధికారిక నివేదిక కావాలంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు చెన్నైలోనూ కేంద్రం ఉంది.

చివరగా ముద్రణ. ఒకే రకం సీసాలు ఆరు కలిపి అమ్మితే, 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం అది మల్టీ పీస్ ప్యాకేజీ. సీసా మీద ఉండవలసిన వివరాలు బయటి కవరు గుండా స్పష్టంగా కనిపించి చదవగలిగేలా ఉంటే తప్ప, వాటిని బయటి అట్ట మీద కూడా ముద్రించాలి. నన్నారి మూడు, నిమ్మ మూడు కలిపితే వర్గం మారుతుంది కాబట్టి ముద్రణకు ముందే ఆ నిర్వచనాలు చదువుకోవాలి. ఆరు సీసాల క్యారియర్‌కు విడిగా ఒక బార్‌కోడ్ తీసుకోవాలి, దాన్ని పక్క గోడ మీద, మడతకు దూరంగా, తడి చేరని పైభాగంలో వేయాలి. విడి సీసాల మీది బార్‌కోడ్‌లు గోడ వెనుక దాగేలా గోడ ఎత్తును సరిచూసుకోండి; లేకపోతే బిల్లింగ్ దగ్గర స్కానర్ ఆరు సీసాలకు ఒక్క సీసా ధరే వేస్తుంది.